భావాన్ని పేరుతో పిలవకుండా: పాలమూరు రచనల్లో విభావ నిర్మాణం, పాఠక స్పందన

వ్యాససంగ్రహం: సృజనాత్మక రచన పాఠకుని ఆకట్టుకోవడానికి భావోద్వేగమే ప్రధాన సాధనమని తరగతి గదుల్లోనూ, రచనా శిక్షణ శిబిరాల్లోనూ తరచుగా చెబుతారు. ఆ సాధనం ఏ విధంగా పనిచేస్తుందో మాత్రం అంతగా వివరించరు. భావం పేరు చెప్పినంత మాత్రాన పాఠకునిలో ఆ భావం పుట్టదనీ, దాన్ని పుట్టించేది విభావమనీ భారతీయ ఆలంకారికులు ఏనాడో నిర్ణయించారు. పూర్వపు పాలమూరు జిల్లాకు, అంటే నేటి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాలకు సంబంధించిన కొన్ని రచనల ఆధారంగా ఆ నిర్ణయాన్ని పరిశీలించి, విభావాలు పాతబడినప్పుడు రచయితకు ఎదురయ్యే సమస్యను చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: విభావం, స్వశబ్దవాచ్యత, సాధారణీకరణం, రసవిఘ్నాలు, పాలమూరు సాహిత్యం, వలస.

ఉపోద్ఘాతం

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం ఉంది. దాన్ని ఆనుకొని రంగసముద్రం చెరువు ఉంది. నిండిన ఆ చెరువును వర్ణించమని ఒక తరగతిని అడిగితే ‘మనసు ఆనందంతో పరవశించింది’ అన్న వాక్యమో, దానికి దగ్గరి వాక్యమో ఎక్కువ కాగితాల మీద కనిపించడం ఖాయం. ఆ నీటిని చూసే మనసులన్నీ ఒకటి కావు. ఉత్సవానికి వచ్చిన భక్తునికి అందులో గోపురం నీడ కనిపిస్తుంది. కాలువ కింద మడి ఉన్న రైతుకు రెండో పంట కనిపిస్తుంది. ముంపులో పొలం పోయిన కుటుంబానికి ఆ నీటి అడుగున ఒక గెట్టు, గెట్టు మీద ఒక వేపచెట్టు ఉంటాయి. పరాయి రాష్ట్రంలో మట్టిపని చేసి పండుగకు తిరిగివచ్చిన కూలికి ఆ నీరు కొంచెం ఆలస్యంగా వచ్చిన చుట్టం. ‘ఆనందం’ అన్న ఒక్క మాట ఈ నలుగురిలో ఎవరినీ పట్టి ఇవ్వదు. గోపురం నీడ, రెండో పంట, నీటి అడుగున గెట్టు అన్న మాటలు ఏ భావాన్నీ పేరుతో పిలవకపోయినా, ఎవరు మాట్లాడుతున్నారో, ఆ గుండెలో ఏముందో చెప్పేస్తాయి.

ఈ తేడా రచనానైపుణ్యానికి సంబంధించిన చిన్న మెలకువగా కనిపించవచ్చు. కానీ ఒక ప్రాంతం పేరే ఒక భావానికి పర్యాయపదంగా మారిపోయినప్పుడు ఇది చిన్న విషయం కాదు. పాలమూరు అనగానే కరువు, వలస, కన్నీరు అన్న మూడు మాటలు వెంటనే వచ్చేస్తాయి. ఆ మాటల వెనక ఉన్న మనుషులు పాఠకునికి కనిపించాలంటే ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

స్వశబ్దవాచ్యత

విభావం, అనుభావం, వ్యభిచారిభావం అన్న మూడింటి సంయోగం వల్ల రసం నిష్పన్నమవుతుందని భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో చెప్పాడు. ఏడో అధ్యాయంలో ఎనిమిది స్థాయి, ముప్పైమూడు వ్యభిచారి, ఎనిమిది సాత్త్విక భావాలు కలిపి 49 భావాలను వివరించాడు. రససూత్రంలో స్థాయిభావం అన్న మాట లేదన్న సంగతి పండితులకు తెలిసినదే. ఆ లోపం మీద శతాబ్దాల పాటు వ్యాఖ్యలు నడిచాయి. రచయిత వైపు నుంచి చూస్తే అది లోపం కాదు. శోకాన్ని కాగితం మీద పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. శోకానికి కారణమైన వస్తువును, శోకించే మనిషి చేసే పనిని, ఆ పని మధ్యలో వచ్చిపోయే చిన్న చిన్న చిత్తవృత్తులను మాత్రమే పెట్టగలరు. మిగిలింది పాఠకునిలో జరుగుతుంది.

భావాన్ని దాని పేరుతోనే చెప్పడం కూడా రసాన్ని ప్రకటించే మార్గాలలో ఒకటని ఉద్భటుడు అంగీకరించాడు. దీన్ని తీవ్రంగా ఎగతాళి చేసినవాడు కుంతకుడు. పేరు చెబితేనే ఆస్వాదం కలిగేటట్లయితే నేతి పిండివంటల పేర్లు వినిపించి ఆకలిగొన్నవాడికి తృప్తి కలిగించవచ్చుననీ, మూడు లోకాల రాజ్యసుఖాన్ని కూడా మాటతోనే సంపాదించవచ్చుననీ వక్రోక్తిజీవితంలో అంటాడు. అలంకారశాస్త్రంలో ఇంత నవ్వు తెప్పించే ఖండనలు తక్కువ. మమ్మటుడు కావ్యప్రకాశం ఏడో ఉల్లాసంలో స్వశబ్దవాచ్యతను రసదోషాల పట్టికలోనే చేర్చాడు.

అయితే అందరికన్నా సూక్ష్మంగా ఆలోచించింది ఆనందవర్ధనుడు. కావ్యాల్లో భావాల పేర్లు కనిపిస్తూనే ఉంటాయి, వాటిని నిషేధించి ప్రయోజనం లేదు. ఆ పేర్లున్న చోట కూడా రసప్రతీతి విభావాదుల వల్లనే కలుగుతుందనీ, పేరు దాన్ని అనువదిస్తుందే తప్ప పుట్టించదనీ ధ్వన్యాలోకం మొదటి ఉద్యోతంలో ఆయన నిర్ణయం. అనువాదం అంటే ఇక్కడ అంతకుముందే తెలిసినదాన్ని మళ్ళీ పలకడం. అంటే కన్నీరు అన్న మాట రచనలో ఉండవచ్చు. దానికి ముందో వెనకో కన్నీరు తెప్పించేది ఏదో ఒకటి ఉండి తీరాలి. పాలమూరు పాటల దగ్గరికి వచ్చినప్పుడు ఈ మినహాయింపు ఎంత అవసరమో తెలుస్తుంది.

పశ్చిమంలో దీనికి దగ్గరి ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది. హామ్లెట్ నాటకంపై 1919లో రాసిన వ్యాసంలో టి.ఎస్. ఎలియట్, భావానికి సరితూగే వస్తువులనో, పరిస్థితినో, సంఘటనల వరుసనో కనుక్కోవడమే కళలో భావాన్ని వ్యక్తం చేసే ఏకైక మార్గమన్నాడు. తెలుగు విమర్శలో దీన్ని ‘వస్తుగత సహసంబంధి’ వంటి పేర్లతో పరిచయం చేశారు. విభావం అన్న మాట చేతిలో ఉండగా అంత బరువైన అనువాదం అవసరమా అన్నది ఆలోచించదగినది. అంతకుముందు 1898లో టాల్‌స్టాయ్, కళ అంటే ఒకరి అనుభూతి మరొకరికి అంటుకోవడమన్నాడు. అంటుకుంటుందన్న మాట నిజమే. దేని ద్వారా అంటుకుంటుందన్న ప్రశ్నకు భరతుని సూత్రమే ఎక్కువ ఉపయోగపడుతుంది.

సంస్థానాల నాటి రచన

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవిపండిత పోషణకు పేరు పొందాయి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అన్న పేరు ఊరికే రాలేదు. తిరుపతి వేంకట కవులు ఈ ఆస్థానాలను దర్శించి అవధానాలు చేశారు. అవధాన సభలో శ్రోతను కట్టిపడేసేది ప్రధానంగా చమత్కారం. పూరణ సాధ్యమా, అసాధ్యమా అన్న ఉత్కంఠ, అది తీరినప్పుడు కలిగే విస్మయం అక్కడి అనుభూతి. అది తక్కువ రకం అనుభూతి కాదు కానీ దాని ఆయుష్షు చిన్నది. సమస్య తెలియని పాఠకునికి అదే పద్యం పుస్తకంలో చదివినప్పుడు సభలో కలిగిన పులకింత సగం కూడా కలగదు.

రాజును, దైవాన్ని కీర్తించే పద్యాలది మరో దారి. దేవతలు మొదలైనవారి విషయకమైన రతి రసస్థాయికి చేరదనీ, అది భావమేననీ మమ్మటుడు నాలుగో ఉల్లాసంలో చెప్పాడు. రాజవిషయక రతినీ వ్యాఖ్యాతలు ఇందులోనే చేర్చారు. ఆ కవుల శాస్త్రం ప్రకారమే వారి స్తోత్ర, ప్రశస్తి కవిత్వంలో అధికభాగం భావకావ్యమన్నమాట. ఆధునికులు వేరే అర్థంలో వాడుకున్న ఈ పేరు సంస్థాన కవులకు ఈ రకంగా ముందే దక్కింది.

పదకొండు గుమ్మడికాయలు

గద్వాల సంస్థాన ప్రాంతంలోని ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి (1896–1953) స్వగ్రామం. 1952లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆయన వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ చరిత్ర అందరూ ఎరిగినదే. భావోద్వేగం దృష్టితో ఆ సంచికను చూసినవారు తక్కువ. అవమానానికి సమాధానంగా అవమానం గురించి రాయడం సులభం. ఆ సంచిక ఆ పని చేయకుండా 354 మంది కవులను వరుసగా నిలబెట్టింది. ఊరి పేరు, కవి పేరు, పద్యం; మళ్ళీ ఊరి పేరు, కవి పేరు, పద్యం. పుటలు తిప్పుతున్న పాఠకునిలో పెరిగే ఆత్మాభిమానానికి ఆ వరుసే విభావం. జాబితా కూడా ఉద్వేగాన్ని మోయగలదనడానికి తెలుగులో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఆయన ‘మొగలాయి కథలు’ నిజాం పాలనలోని అధికారుల తీరును హాస్యంతో ఎత్తిచూపాయి. వాటిలో ఒకదానికి ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ అన్న ఉర్దూ సామెతే శీర్షిక. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండుగురు కొత్వాళ్ళు. ఇందులో దోపిడీ అన్న మాట లేదు, అన్యాయం అన్న మాట లేదు. ఉన్నది ఒక లెక్క మాత్రమే, అదీ సరిపోని లెక్క. కాయలు తెచ్చినవాడి గతి ఏమిటన్నది విన్నవాడు లెక్క వేసుకుంటాడు. వేసుకోగానే మొదట నవ్వు వస్తుంది. నవ్వు దిగిన తర్వాత కోపం మిగులుతుంది. ఆ కోపం రచయిత అప్పగించినది కాకుండా పాఠకుడు తన లెక్కతో తానే తేల్చుకున్నది కాబట్టి తొందరగా చల్లారదు. క్రోధాన్ని ముందే ప్రకటించిన రచనలో పాఠకునికి చేయడానికి పని మిగలదు. నిందావాక్యాలతో నిండిన ఎన్నో నిరసన కవితలు ఒక సభకే పరిమితం కావడానికి ఇదొక కారణం కావచ్చు.

పేరు చెప్పిన పాట

ఇంతవరకు చెప్పిన సూత్రానికి పెద్ద పరీక్ష గోరటి వెంకన్న పాట. నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని గౌరారం ఆయన స్వగ్రామం. ‘వల్లంకి తాళం’కు 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన రాసిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ 2002 నాటి ‘కుబుసం’ చలనచిత్రం ద్వారా తెలుగునాట ప్రతి ఊరికీ చేరింది. ఆ పాట పల్లవిలోనే కన్నీరు ఉంది. స్వశబ్దవాచ్యత దోషమైతే ఈ పాట విఫలం కావాలి. అది కాకపోగా, ప్రపంచీకరణపై తెలుగులో వచ్చిన ఎన్నో వ్యాసాలు చేయలేని పని చేసింది.

దీనికి సమాధానం పాట నిర్మాణంలో ఉంది. మొదటి సంగతి, పల్లవి చెప్పింది స్థాయిభావాన్ని కాదు. శోకం అన్న పేరు అక్కడ లేదు. కన్నీరు సాత్త్విక భావం, కంటికి కనిపించే గుర్తు. ఆ కన్నీరు కవిది కూడా కాదు, పల్లెది. ఆశ్రయం మారగానే స్వీయ విలాపం పరిశీలనగా మారింది. రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. చరణాలు చేతివృత్తుల పనిముట్ల వెంట నడుస్తాయి. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిస, సాలె మగ్గం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాటిని వాడే మనుషుల ముఖాలు అంతగా కనిపించవు, పని లేక పడివున్న వస్తువులే కనిపిస్తాయి. వేడిగా ఉండవలసింది చల్లబడింది, పదునుగా ఉండవలసింది మొద్దుబారింది, కదలవలసింది ఆగింది. ప్రతి వస్తువులోనూ ఉండవలసిన స్థితికీ ఉన్న స్థితికీ నడుమ ఖాళీ కనిపిస్తుంది. శ్రోత ఆ ఖాళీలో తన ఊరి కొలిమిని, తన ఇంటి పక్క మగ్గాన్ని పెట్టుకుంటాడు.

ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి వచ్చేసరికి కన్నీరు అన్న మాట కొత్త బరువు మోసుకొని వస్తుంది. మొదటిసారి పాడినప్పుడు అది ప్రశ్న. చల్లారిన కొలిమి తర్వాత పాడినప్పుడు అది తెలిసిన సంగతిని మళ్ళీ పలకడం. ఆనందవర్ధనుడు అనువాదమన్నది ఇదే. గుంపుగా పాడే పాటకు పల్లవి పునరావృత్తి తప్పనిసరి. మౌఖిక సంప్రదాయపు ఆ అవసరాన్నే వెంకన్న రసపోషణకు వాడుకున్నారు. అచ్చు కవితలో ఇదే పంక్తి ఇన్నిసార్లు వస్తే విసుగు కలగవచ్చు. కాబట్టి పాటను చూసి వచనకవిత రాయబోయేవారు పల్లవిని అనుకరించడం కన్నా చరణాల దగ్గర నేర్చుకోవడం మేలు.

ఈ ప్రాంతపు మౌఖిక సంప్రదాయం కన్నీటికి మాత్రమే పరిమితం కాలేదన్నది కూడా గమనించాలి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడిన పండుగ సాయన్న కథ, ఉన్నవారిని కొల్లగొట్టి లేనివారికి పంచిన వీరుని కథ. ఆకలి అందులోనూ ఉంది. అక్కడ అది ఏడుపుకు కాకుండా ఉత్సాహానికి విభావమైంది. ఒకే వస్తువు ఏ స్థాయిభావాన్ని మేల్కొలుపుతుందన్నది దాని పక్కన ఏం పెట్టారన్నదాని మీద ఆధారపడుతుంది.

ఎవరు చదువుతున్నారు?

పాఠకుని వైపు నుంచి చూస్తే అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలు ఇప్పటికీ పనికివస్తాయి. ఆయన ఏడింటిని చెప్పాడు. వాటిలో రెండు వలస సాహిత్యానికి నేరుగా వర్తిస్తాయి. ఒకటి, ఆ సుఖదుఃఖాలు తనవేననో, పరాయివారివేననో గిరి గీసుకోవడం. రెండు, తన సొంత సుఖదుఃఖాల్లో మునిగిపోయి ఉండటం.

‘పాలమూరు లేబర్’ పేరు దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణ స్థలాల్లో వినిపించింది. గుంపుమేస్త్రీ ఊళ్ళో అడ్వాన్సు ఇస్తాడు. అది తీరేదాకా మనిషి అతనికి కట్టుబడి ఉంటాడు. ఇటువంటి కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి వలస కథ పాఠంగా చెప్పినప్పుడు అతనికి కలిగేది రసాస్వాదం కాకపోవచ్చు. తండ్రి గుర్తుకు వచ్చి పుస్తకం మూసేయవచ్చు. నగరంలో చదివే పాఠకునిది దీనికి పూర్తిగా ఎదురు సమస్య. అది పరాయివారి దుఃఖం. జాలిపడి, ఆ జాలి పడగలిగినందుకు తనను తాను కొంచెం మెచ్చుకొని, పుట తిప్పుతాడు. రెండు చోట్లా పాఠకుడు స్పందించాడు. రెండు చోట్లా రచన ఓడిపోయింది. స్పందన కలిగిందా లేదా అన్న ఒక్క కొలతతో రచనను తూచేవారు గమనించవలసిన సంగతి ఇది.

భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణానికి చాలాసార్లు పొరపాటు అర్థం చెబుతారు. స్థానికతను తొలగించి ‘ఒక ఊరు, ఒక కూలి, ఒక ఆకలి’ అని రాస్తే అందరికీ వర్తిస్తుందని అనుకుంటారు. సాధారణీకరణం జరిగేది పాఠకుని అనుభవంలో. రచన మాత్రం ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మంచిది. కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ (1966) ఇందుకు సాక్ష్యం. శ్రీకాకుళం ప్రాంతపు ఒక ఊరి పంచాయితీలో పాత అప్పు మీద సాగిన సుదీర్ఘమైన వాదన ఆ కథలో అధికభాగం ఆక్రమిస్తుంది. ఓపిక లేని పాఠకుడు దాన్ని దాటవేయాలనుకుంటాడు. కానీ సీతారాముడు తన కొడుకును చంపి తెచ్చిన క్షణం భరించలేనిదిగా ఉండటానికి ఆ లెక్కలే కారణం. అప్పు తరం నుంచి తరానికి ఎలా పాకుతుందో అంకెల్లో చూసిన పాఠకునికి ఆ దారుణాన్ని ఉన్మాదమని కొట్టిపారేసే వీలు లేదు, జాలిపడి పక్కకు తప్పుకునే వీలూ లేదు. ఉత్తరాంధ్ర తెలియని పాలమూరు పాఠకునికి ఆ కథ తనదిగా అనిపించేది అప్పు తర్కం వల్ల. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుదీ ఆ తర్కమే.

మారిన విభావాలు

కృష్ణ నీటిని పైకి తెచ్చిన ఎత్తిపోతల పథకాలతో ఈ ప్రాంతపు దృశ్యం కొంత మారింది. భీమా పథకంలో రంగసముద్రం ఒక జలాశయం. కరువు నేల మీద పగుళ్ళు, ఎండిన చెరువు, ఆకాశం వైపు చూసే రైతు ఒకనాడు కళ్ళతో చూసి రాసిన విభావాలు. నీరు చేరిన ఊరిలో కూర్చొని వాటినే మళ్ళీ రాస్తే అవి భావం పేర్ల కిందికి దిగిపోతాయి. పగిలిన నేల అన్న మాట దుఃఖం అన్న మాటకు మారుపేరుగా మిగులుతుంది. విభావానికి కూడా స్వశబ్దవాచ్యత పట్టగలదన్నమాట. ఈ ప్రమాదాన్ని ఆలంకారికులు ప్రత్యేకంగా చర్చించినట్లు కనిపించదు. బహుశా వారి కావ్యవస్తువులు ఇంత వేగంగా పాతబడేవి కావు.

దీని అర్థం దుఃఖం తీరిందని కాదు. నీరు వచ్చిన చోట కూడా భూమి లేనివానికి మడి రాలేదు. పొలం మునిగిన వారికి నీరు సంతోషమూ కాదు, కరువూ కాదు. దానికి పేరు పెట్టడమే కష్టం. పచ్చని మడి పక్కన తాళం వేసి ఉన్న ఇల్లు, ఎండిన మడి పక్కన తాళం వేసి ఉన్న ఇంటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది. ఎందుకు వెళ్ళారన్నదానికి ఇదివరకటి సిద్ధమైన జవాబు అక్కడ చెల్లదు కాబట్టి పాఠకుడు కథలోకి వెళ్ళి వెతుక్కోవలసి వస్తుంది.

పరిశోధక విద్యార్థులు వలస కవితలను ఇతివృత్తాల వారీగా వర్గీకరించి, ‘ఆర్ద్రంగా చిత్రించారు’ అన్న ఒక్క వాక్యంతో ప్రతి కవితనూ ముగించడం సిద్ధాంత గ్రంథాల్లో అలవాటుగా మారింది. ఆర్ద్రత అక్కడ ఎలా పుట్టిందో చెప్పని ఆ వాక్యం విమర్శలోకి దిగిన స్వశబ్దవాచ్యతే. ఒక్కొక్క కవితలోనూ ఏ వస్తువు ముందు వచ్చింది, దాని పక్కన ఏముంది, భావం పేరు ఎక్కడ పలికింది, అది పలికేసరికి పాఠకునికి ఏమేమి తెలుసు అన్న నాలుగు ప్రశ్నలతో చదివితే పదిమంది కవుల మధ్య తేడాలు బయటపడతాయి. శ్రీరంగాపూర్ నుంచి రాయబోయే కొత్త రచయితకూ ఆ నాలుగు ప్రశ్నలే పనికివస్తాయి: ముంబయి బస్సు టికెట్టు, బడి మానేటప్పుడు తీసుకున్న బదిలీ పత్రం, మేస్త్రీ చిట్టీలో అడ్వాన్సు అంకె, చెరువు నిండిన రోజు ఊరి నుంచి ఫోనులో వచ్చిన ఫోటో. వీటిలో ఏది ముందు పెట్టాలో, ఏది చెప్పకుండా వదలాలో తేల్చుకోవడం దగ్గరే ఆ రచన మొదలవుతుంది.